రెండు స్టేషనుల నడుమ ఒక ఫిడేలు

రాత్రివేళ రేడియో మీట మెల్లగా త్రిప్పుచు కూర్చుండు అలవాటు గలవారికి ఒక సంగతి తెలిసియే యుండును. పగలు ఎంత వెదకినను దొరకని దూరపు స్టేషనులు చీకటి పడిన కొలదిసేపటికి ఒకటొకటిగా పలుక మొదలిడును. మీడియం వేవు తరంగములు పగటివేళ నేలను ఆనుకొని కొంత దూరము పోయి సన్నగిల్లును. పైకి పోయిన తరంగములను ఆకాశమునందలి ఒక పొర మ్రింగివేయును. సూర్యుడు క్రుంకినంతనే ఆ పొర కరగిపోవును. అంతకంటె ఎత్తుననున్న మరియొక పొర తరంగములను అద్దమువలె వెనుకకు త్రిప్పి వందల మైళ్ళ ఆవల నేలకు దింపును. ఈ ప్రకృతి విశేషమే లేకున్నచో చార్లీ డేనియల్సు అను అమెరికా గాయకుని జీవితము మరియొక విధముగా నుండెడిదేమో. ఆయన ఫిడేలు వాద్యగాడు, గిటారు వాద్యగాడు, పాటల రచయిత. ఇరువది యేండ్ల ప్రాయము నుండి ఎనుబది మూడవ యేట మరణించు వరకు ఊరూర తిరిగి వాయించుటయే ఆయన వృత్తి.

డేనియల్సు 1936 అక్టోబరు 28వ తేదీన నార్త్ కరొలైనా రాష్ట్రములోని విల్మింగ్‌టన్ రేవుపట్టణమున జన్మించెను. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానము. తండ్రిది కలప పని. ఆ పని వెంట కుటుంబము ఊళ్ళు మారుచుండెడిది. బాలునికి ఇంట బయట వినబడిన సంగీతము మూడు విధములు: పెంటెకోస్తు సంఘపు భక్తిగీతములు, చుట్టుపట్ల పల్లెలలోని బ్లూగ్రాస్ బృందముల పాటలు, రాత్రులందు నాష్‌విల్ నగరము నుండి వచ్చు రేడియో. టెనెసీ రాష్ట్రములోని ఆ నగరము వారికి నాలుగైదు వందల మైళ్ళ దూరము. అచ్చట రెండు స్టేషనులు, ఒక్కొక్కటి ఏబదివేల వాట్ల శక్తితో, ప్రసారము చేయుచుండెను. ఒకటి డబ్ల్యు.ఎస్.ఎం., రెండవది డబ్ల్యు.ఎల్.ఎ.సి. చిత్రమేమనగా, రెండింటిని నడిపినవి భీమా కంపెనీలే. డబ్ల్యు.ఎస్.ఎం. అను మూడక్షరములు ‘లక్షలాది జనులకు రక్ష’ అను అర్థమిచ్చు కంపెనీ నినాదమునకు పొడి అక్షరములు.

మొదటి స్టేషనులో 1925 నవంబరు 28వ తేదీ శనివారము రాత్రి డెబ్బదియేడేండ్ల వృద్ధుడు ఒకడు వచ్చి కూర్చుండి ఫిడేలు వాయించెను. ఆయన పేరు అంకుల్ జిమ్మీ టాంప్సన్. పల్లెల నాట్యములకు వాయించు పాటలే ఆయనకు వచ్చినవి. శ్రోతల కది మిక్కిలి నచ్చుటచేత శనివారపు కార్యక్రమము స్థిరపడిపోయెను. రెండేండ్ల తరువాత, అంతకు ముందే ప్రసారమైన శాస్త్రీయ సంగీత కార్యక్రమమును పరిహసించుచు, జార్జి హే అను ప్రకటనకర్త దీనికి ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అని పేరు పెట్టెను. ఆపెరా అను మాటను పల్లెటూరి నోటితో పలికిన ఆప్రీ యగును. పరిహాసముగా పెట్టిన ఆ పేరు నేటికిని నిలిచియున్నది, కార్యక్రమమును నిలిచియున్నది.

ఇచట ఒక మాట చెప్పవలెను. ఇంగ్లీషు దేశములలో ‘వయొలిన్’ అనినను ‘ఫిడిల్’ అనినను వస్తువు ఒక్కటే. మందిరములలో కచేరీ చేయునపుడు మొదటి పేరు, పల్లెలో చిందులకు వాయించునపుడు రెండవ పేరు. ఆ రెండవ పేరులో కొంత చులకన యున్నది. ఆ చులకన పేరే మనకు ఫిడేలుగా వచ్చినది. మనవద్ద మాత్రము అందలి చులకన మాయమైపోయినది. ద్వారము వెంకటస్వామినాయుడుగారిని జనులు ‘ఫిడేలు నాయుడుగా’రని పిలిచినపుడు ఆ పిలుపులో గౌరవమే గాని తక్కువ యెన్నడును లేదు. మనవారు నేల కూర్చుండి వాద్యమును గుండెకును మడమకును నడుమ నిలిపి వాయింతురు. అమెరికా పల్లెలవారు నిలుచుండి, భుజముపైననో రొమ్ముపైననో ఆనించి, కమానును బలముగా రాయుదురు. గమకముకంటె వారికి తాళపు ఊపు ముఖ్యము. నాట్యమాడు పాదములు తప్పిపోకుండ చూచుట ఆ వాద్యపు మొదటి పని.

రెండవ స్టేషను సంగతి వేరు. డబ్ల్యు.ఎల్.ఎ.సి. 1940ల చివర నుండి రాత్రులందు నల్లజాతివారి రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు వేయజొచ్చెను. వాని నడుమ టపాలో రికార్డులు పంపు దుకాణదారుల ప్రకటనలు, కోడిపిల్లలను సయితము టపాలో పంపు వ్యాపారుల ప్రకటనలు వచ్చుచుండెడివి. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములలో తెల్లవారికి నల్లవారికి పాఠశాలలు వేరు, బస్సులలో కూర్చుండు చోట్లు వేరు, త్రాగునీటి కుళాయిలు సయితము వేరు. రికార్డు దుకాణములలోను సరకు వేరువేరుగా పేర్చియుండెడిది. రేడియో మీటకు మాత్రము ఆ గోడ తెలియదు. ఒక వ్రేలు కొంచెము కదలినచో ఫిడేలు, మరి కొంచెము కదలినచో బ్లూస్. పదునాలుగు పదునైదేండ్ల బాలుడు ఆ రెండింటిని ఒకే రాత్రి, ఒకే గదిలో వినెను. ఇవి రెండు భిన్నమైన సంగీతములని ఎవరైన చెప్పు లోపలనే అవి ఆయన చెవిలో కలిసిపోయెను. డేనియల్సు వృత్తిజీవిత మంతయు ఆ కలయికను నిలుపుకొనుటకు చేసిన ప్రయత్నమే యని మా అభిప్రాయము.

మొదట గిటారు, పిమ్మట మాండొలిన్, ఫిడేలు నేర్చెను. ఎవరును కూర్చుండబెట్టి పాఠము చెప్పినది కాదు. విని, చూచి, తప్పులు చేసి నేర్చినది. పగలు పనికి పోవుచు రాత్రులు బ్లూగ్రాస్ బృందములో వాయించెను. అంతలో ఎల్విస్ ప్రెస్లీ దేశమునంతను ఊపివేయగా యువకులందరివలె ఈయనయు రాక్ అండ్ రోల్ బృందము పెట్టెను. 1959లో ఆ బృందము టెక్సాస్ రాష్ట్రములోని ఫోర్ట్‌వర్త్‌లో ‘జాగ్వార్’ అను వాద్యగీతమును రికార్డు చేసెను. ధ్వనిముద్రణము నడిపినవాడు బాబ్ జాన్‌స్టన్. ఆ రికార్డు గొప్పగా అమ్ముడుపోలేదు. కాని జాన్‌స్టన్‌తో కలిగిన స్నేహము డేనియల్సు జీవితమున పెద్ద మలుపునకు కారణమయ్యెను. జాన్‌స్టన్ భార్య జాయ్ బయర్సు పేరుతో కలిసి డేనియల్సు వ్రాసిన ‘ఇట్ హర్ట్స్ మీ’ అను పాటను 1964లో ప్రెస్లీయే రికార్డుగా వెలువరించెను. ఎవరిని చూచి రాక్ బృందము పెట్టెనో ఆయనయే తన పాట పాడెను! అయినను ఒక్క పాటతో ఇల్లు గడవదు. మరి కొన్నేండ్లు రాత్రి క్లబ్బులలో వాయించుటయే బ్రతుకయ్యెను.

1967లో జాన్‌స్టన్ పిలుపుపై ఆయన నాష్‌విల్ చేరెను. అప్పటికి జాన్‌స్టన్ కొలంబియా రికార్డు కంపెనీకి అచ్చట ముఖ్యుడు. నాష్‌విల్ పద్ధతిని కొంచెము వివరింపవలసియున్నది. అచ్చట గాయకులు తమ బృందములతో రికార్డు చేయరు. పూటకు ఇంత యని సంఘము నిర్ణయించిన కూలిపై పక్కవాద్యములవారు స్టూడియోకు వత్తురు. పూట యనగా మూడు గంటలు. అంతలో మూడు నాలుగు పాటలు పూర్తికావలెను. అందువలన వారు స్వరలిపి వ్రాయక, స్వరమేళములకు ఒకటి, నాలుగు, ఐదు అని అంకెలు వేసికొందురు. గాయకుని గొంతును బట్టి శ్రుతి మార్చినను అంకెలు మారవు. మన సరిగమలు ఏ శ్రుతికైన సరిపోవునట్లే. పక్కవాద్యగాడు తన ప్రత్యేకత చూపుటకంటె, మెత్తగా, తప్పులేక, గాయకునికి అడ్డుపడక వాయించుట మేలని అచ్చటి నియమము. డేనియల్సు వాద్యము మెత్తనిది కాదు. గట్టిగా, మొరటుగా, వేడిగా ఉండెడిది. ఆ నియమమున తాను సరిగా ఇమడలేదని ఆయనయే తరువాత ఒప్పుకొనెను.

ఇమడని ఆ గుణమే ఒకనాడు అక్కరకు వచ్చెను. 1969లో బాబ్ డిలన్ ‘నాష్‌విల్ స్కైలైన్’ అను ఆల్బమును రికార్డు చేయుచుండగా ఒక పూటకు గిటారు వాద్యగాడు రాలేకపోయెను. ఆ ఒక్క పూటకు జాన్‌స్టన్ డేనియల్సును పిలిపించెను. పూట ముగిసి ఆయన గిటారు సర్దుకొని పోవుచుండగా, మరియొకరు వద్దు, ఈయనయే ఉండవలెనని డిలన్ పట్టుపట్టెను. ఆ తరువాత డిలన్ మరి రెండు ఆల్బములలోను ఆయన వాయించెను. కెనడా కవి, గాయకుడు లెనర్డ్ కోహెన్ రికార్డులలో వాయించి, 1970లో ఆయనతో దేశములు తిరిగెను. బీటిల్స్ బృందములోని రింగో స్టార్ నాష్‌విల్ వచ్చి చేసిన రికార్డులోను ఆయన యున్నాడు. ఇంతమంది పెద్దల ప్రక్కన కూర్చుండిన వాద్యగాడు జీవితమంతయు ఆ కుర్చీలోనే ఉండిపోయినను ఎవరును తప్పు పట్టరు. మంచి జీతము, మంచి పేరు. కాని ముప్పది అయిదేండ్ల ప్రాయమున, భార్యయు చిన్న కుమారుడును గల సంసారి, ఆ కుర్చీ విడిచి తన పేర బృందము స్థాపించెను. ఆయన జీవితములో అన్నిటికంటె సాహసమైన పని యిదియే యని మేము తలంతుము.

చార్లీ డేనియల్సు బ్యాండు 1970ల ఆరంభమున బయలుదేరునాటికి దక్షిణ రాష్ట్రములలో ఒక కొత్త సంగీతము పుట్టియుండెను. జార్జియాలోని మేకన్ కేంద్రముగా ఆల్మన్ బ్రదర్స్, ఫ్లారిడాలోని జాక్సన్‌విల్ నుండి లినర్డ్ స్కినర్డ్, సౌత్ కరొలైనా నుండి మార్షల్ టకర్ బ్యాండు ఆ సంగీతమును వాయించుచుండిరి. దానిని దక్షిణ దేశపు రాక్ అనిరి. బ్లూస్ దానికి పునాది. రెండు గిటారులు జంటస్వరములుగా సాగుట, ఒక్కొక్కప్పుడు ఇద్దరు డ్రమ్ము వాద్యగాండ్రు ఉండుట, పాట ముగిసిన తరువాత వాద్యములు చాలసేపు మనోధర్మముతో విహరించుట దాని లక్షణములు. డేనియల్సు ఇవి యన్నియు గ్రహించి, వానికి ఫిడేలును చేర్చెను. మొదట ఆయన రికార్డులు వెలువరించిన కంపెనీలలో ఒకదాని పేరు కామసూత్ర! మన వాత్స్యాయన మహర్షి గ్రంథపు పేరు న్యూయార్కు వ్యాపారుల చేతికెట్లు చిక్కినదో గాని, ఆ ముద్రతోనే 1973లో ఆయన మొదటి విజయమైన ‘అనీజీ రైడర్’ వెలువడెను. అది పాట యనుటకంటె తాళముతో చెప్పిన కథ. పొడవు జుట్టు పెంచిన యువకుడు ఒకడు కారు టైరు గాలిపోయి మిసిసిపి రాష్ట్రమున ఒక సారాదుకాణములో చిక్కుకొనును. అచ్చటి మొరటువారు మీదికి రాగా, వారిలో ఒకనినే మారువేషములోనున్న ఎదుటిపక్షపువాడని నిందించి, తక్కినవారు తికమకపడుచుండగా తప్పించుకొని పారిపోవును. దక్షిణ దేశపు వాని నోటనే దక్షిణ దేశపు మూర్ఖత్వముపై వచ్చిన ఆ పరిహాసమును దేశమంతయు విని నవ్వెను. బిల్‌బోర్డ్ పత్రిక వారము వారము ప్రకటించు పట్టికలో అది తొమ్మిదవ స్థానమునకు వచ్చెను.

1974 అక్టోబరు 4వ తేదీన నాష్‌విల్‌లో ఆయన ఒక కచేరీ యేర్పాటు చేసెను. ఉద్దేశము వచ్చు ఆల్బమునకు రెండు పాటలు జనుల సమక్షమున రికార్డు చేయుట మాత్రమే. స్నేహితులైన ఇతర బృందములవారు కొందరు వచ్చి వేదిక యెక్కిరి. అది ‘వలంటీర్ జామ్’ అను పేర తరువాత ఏండ్ల తరబడి సాగిన ఉత్సవమయ్యెను. టెనెసీకి ‘వలంటీర్ల రాష్ట్రము’ అని మారుపేరు. దానినుండి ఆ పేరు. అచ్చట రాక్ వారు, కంట్రీ వారు, బ్లూస్ వారు వరుసగా వచ్చి, ముందుగా అనుకొనని రీతిని కలిసి వాయించెడివారు. బాల్యమున రేడియోలో విన్నదానిని ఆయన వేదికపైకి తెచ్చెనని చెప్పవచ్చును.

ఆ యేడే వెలువడిన ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’ ఆల్బములో దక్షిణ దేశపు బృందముల పేర్లు వరుసగా చెప్పి గర్వించు పాట ఒకటి కలదు. నల్లజాతి ద్వేషులైన కూ క్లక్స్ క్లాన్ వారు 1975లో తమ సభకు రేడియో ప్రకటన చేయుచు ఆ పాటను వెనుక వినిపించిరి. డేనియల్సు వెంటనే పత్రికాముఖమున కటువుగా ఖండించెను. తాను పుట్టిన నేలను గూర్చి తనకు గర్వము కలదనియు, ఆ సంఘమును గూర్చి మాత్రము ఎంతమాత్రమును లేదనియు ఆయన చెప్పినదాని సారాంశము. నేలపై ప్రేమ యెచట ముగిసి ద్వేషము ఎచట మొదలగునో ఆయన ఆనాడు స్పష్టముగా గీత గీచెను. దీనిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. ముందు మరల అవసరమగును.

1977 అక్టోబరు 20వ తేదీన విమానము కూలి లినర్డ్ స్కినర్డ్ గాయకుడు రానీ వాన్ జాంట్ మరణించెను. డేనియల్సుకు ఆయన ప్రియమిత్రుడు. అంత్యక్రియలలో వీడ్కోలు పలికినవారిలో ఈయన యొకడు. దక్షిణ దేశపు రాక్ వెలుగు అప్పటినుండి తగ్గజొచ్చెను. అందరును ఆ సంగీతపు కథ ముగిసినదని తలచుచుండగా డేనియల్సు 1979లో ‘మిలియన్ మైల్ రిఫ్లెక్షన్స్’ అను ఆల్బము చేయుటకు కూర్చుండెను. తాము కచేరీలకై తిరిగిన మైళ్ళు పది లక్షలు దాటినవని ఆ పేరు. పాటలన్నియు దాదాపు సిద్ధమైన పిదప ఒక లోపము కనబడెను. ఫిడేలు ముఖ్యముగా గల పాట ఒక్కటియు లేదు. ధ్వనిముద్రణము ఆపి, వేరొక గదికి పోయి, ఒకటి రెండు దినములలో బృందమంతయు కలిసి పాట కట్టిరి. అది ‘ద డెవిల్ వెంట్ డౌన్ టు జార్జియా’.

కథ అందరికి తెలియునట్టిదే. సైతాను ఆత్మలు దొరకక జార్జియాకు వచ్చును. అచ్చట జానీ అను బాలుడు ఫిడేలు వాయించుచుండగా చూచి పందెము వేయును. సైతాను ఓడినచో బంగారు ఫిడేలు బాలునిది. బాలుడు ఓడినచో అతని ఆత్మ సైతానుది. ఇట్టి పందెములు మన పేదరాసి పెద్దమ్మ కథలలోను కలవు. స్టీఫెన్ విన్సెంట్ బెనే అను అమెరికా కవి 1925లో జార్జియా ఫిడేలు పోటీపై వ్రాసిన పద్యకథను తాను బడిలో చదివితిననియు, దాని జ్ఞాపకమేదో మనసులో నుండి యుండుననియు డేనియల్సు చెప్పెను. రాగపు నడకలో వాసర్ క్లెమెంట్స్ అను గొప్ప ఫిడేలు వాద్యగాని ఒక గీతపు ఛాయ కలదు. ఆ గీతపు రికార్డులో గిటారు వాయించినవారిలో డేనియల్సు ఒకడు.

మూడున్నర నిమిషముల ఈ పాట కట్టడమును కొంచెము పరిశీలింపదగును. కథాభాగమును ఆయన పాడడు. బుర్రకథలో కథకుడు వేగముగా వచనము చెప్పునట్లు తాళమునకు కట్టుబడి పలుకును. సైతాను వంతు వచ్చినపుడు గిటారులు, డ్రమ్ములు రాక్ పద్ధతిని ఉరుమును. ఫిడేలు ఒకదానిపై ఒకటి పలుమార్లు ముద్రించిన పొరలుగా బుసకొట్టును, కీచుమనును, పైకి క్రిందికి జారును. కాని శ్రద్ధగా వినుడు: అందులో రాగము లేదు! భయపెట్టు శబ్దమే గాని పాట కాదు. జానీ వంతు వచ్చినపుడు వెనుకటి ఉరుములు తగ్గి, పల్లె నాట్యపు పాతపాటల పేర్లు ఒకటొకటిగా దొరలి, ఫిడేలు స్పష్టమైన బాణీని పట్టుకొనును. సైతానుది పొగ యూదుటయే గాని సంగీతము కాదని డేనియల్సు ఒక సందర్భమున అనెను. ఈ తీర్పుతో ఏకీభవింపని శ్రోతలు చాలమంది కలరు. సైతాను వాయించినదే బాగున్నదని వారి వాదము. మాకును ఒక్కొక్కప్పుడు అట్లే తోచును. కాని రెండు వంతులను వాయించిన చేయి ఒక్కటే. రాత్రి రేడియోలోని రెండు స్టేషనులు ఒకదానితో ఒకటి పందెము వేసికొన్నట్లు ఈ పాట మాకు వినబడును.

పాట చివర బాలుడు సైతానును ఒక తిట్టు తిట్టును. ఆల్బములో ఆ తిట్టు ఉన్నది. రేడియో స్టేషనులవారు దానిని ప్రసారము చేయజాలమని అనగా, ఆ ఒక్క మాటను మార్చి మరల పలికి వేరుగా రికార్డు ఇచ్చిరి. రేడియోలో మెత్తని మాట, ఇంటి గ్రామఫోనులో కటువైన మాట! పాట కంట్రీ సంగీతపు పట్టికలో మొదటి స్థానమునకును, దేశపు సాధారణ పట్టికలో మూడవ స్థానమునకును వచ్చెను. పది లక్షలకు మించి ప్రతులు అమ్ముడుపోయెను. గ్రామీ బహుమానము లభించెను. 1980లో వచ్చిన ‘అర్బన్ కౌబాయ్’ అను చలనచిత్రములోను అది చేరెను. అప్పటికి డేనియల్సుకు నలువది మూడేండ్లు.

ఆ విజయము వేడి చల్లారకమునుపే, 1980 జనవరి 30వ తేదీన, తన పొలమున కంచె స్తంభములకు యంత్రముతో గోతులు త్రవ్వుచుండగా ఆయన కుడిచేయి యంత్రములో చిక్కెను. ఎముక మూడుచోట్ల విరిగెను, మోచేయి తొలగెను, రెండు వ్రేళ్ళు విరిగెను. ఫిడేలు వాద్యగానికి కుడిచేయి యనగా కమాను పట్టు చేయి. స్వరస్థానములు ఎడమచేతివి, కాని నాదము, ఊపు, ప్రాణము కుడిచేతివి. డేనియల్సు కమాను పట్టునే నమ్ముకొన్నవాడు. ప్రతి కచేరీలోను కమానుకు కట్టిన గుఱ్ఱపు వెండ్రుకలు తెగి గాలిలో వ్రేలాడునంత బలముగా రాయుట ఆయన గుర్తు. శస్త్రచికిత్స జరిగెను. నాలుగు నెలలు వాద్యము ముట్టలేదు. పిమ్మట మరల అదే ఊపుతో వేదిక యెక్కెను.

ఇక ఆయన అభిప్రాయముల సంగతి. దీనిని తప్పించుకొనిపోవుట సులభము. కాని న్యాయము కాదు. 1976లో ఆయన జార్జియా వాడైన జిమ్మీ కార్టరు అధ్యక్ష పదవికి పోటీ చేయగా కచేరీలు చేసి తోడ్పడెను. పదవీ స్వీకార సందర్భమున వాయించెను. వియత్నాము యుద్ధము నుండి ఇల్లు చేరియు మనసు ఇల్లు చేరని సైనికుని గూర్చి డాన్ డేలీ అను రచయిత వ్రాసిన ‘స్టిల్ ఇన్ సైగాన్’ పాటను 1982లో పాడి, ఎవరును మాటాడని గాయమును మాటాడించెను. క్రమముగా ఆయన మాట మారెను. జుట్టు పెంచి మత్తులో తిరుగువాని పాత పాటలోని మాటలను తరువాతి కచేరీలలో తానే మార్చి పాడెను. అది ఆయన యిష్టము. కాని 1989లో వచ్చిన ‘సింపుల్ మాన్’ అను పాటలో మాదకద్రవ్యములు అమ్మువారిని, ఘోరనేరములు చేయువారిని చెట్టుకు ఉరితీయవలె ననెను. అందు జాతి ప్రసక్తి లేదు. నేరములపై సామాన్యుని కోపమే ఉన్నదని సమర్థించినవారు కలరు. ఆ కోపము మాకు అర్థము కాకపోలేదు. అయినను దక్షిణ దేశమున త్రాడును చెట్టును కలిపి చెప్పిన, విచారణ లేకయే మూకలు చంపిన నల్లజాతివారు ఎల్లరికి గుర్తు వత్తురు. 1975లో అంత స్పష్టముగా గీత గీచినవాడు, ఆ నేల జ్ఞాపకములు అంత బాగుగా ఎరిగినవాడు, ఆ త్రాటిని పాటలోనికి ఎట్లు తెచ్చెనో మాకు బోధపడదు. ఆ పాట బాగుగా అమ్ముడుపోయినది. మేము దానిని మెచ్చలేము.

1990ల తరువాత కంట్రీ రేడియో యువగాయకులవైపు తిరిగెను. ఏబది యేండ్లు దాటినవారి కొత్త రికార్డులను వేయువారు తగ్గిరి. డేనియల్సు భక్తిగీతముల ఆల్బములు చేసెను. 1997లో తన భాగస్వామితో కలిసి సొంత రికార్డు కంపెనీ పెట్టెను. ఇరాకులోని సైనికులకు వాయించివచ్చెను. 2010 జనవరిలో కొలరాడో మంచుకొండలలో విహరించుచుండగా పక్షవాతపు దెబ్బ తగిలెను. చికిత్సతో కోలుకొని మరల కచేరీలకు బయలుదేరెను. మరుసటి యేట, బృందము పుట్టిన నాళ్ళనుండి తోడున్న కీబోర్డు వాద్యగాడు టాజ్ డిగ్రెగోరియో కారు ప్రమాదమున మరణించెను. అప్పుడును బృందము ఆగలేదు.

గ్రాండ్ ఓల్ ఆప్రీలో సభ్యత్వము అడిగి పుచ్చుకొనునది కాదు, వారు పిలువవలెను. 2008 జనవరిలో, డెబ్బదియొకటవ యేట, ఆ గౌరవము ఆయనకు లభించెను. 2016లో కంట్రీ సంగీత ప్రముఖుల మందిరమున ఆయన పేరు చేర్చిరి. దూరపు పల్లెలో రాత్రి విన్న స్టేషను మైకు ముందు సభ్యుడుగా నిలుచుటకు ఆయనకు అరువది యేండ్లు పట్టెను.

2017లో ఆయన ఆత్మకథ వెలువడెను. ‘ఖాళీ కుర్చీలవైపు ఎన్నడును చూడకుము’ అని దాని పేరునకు అర్థము. క్లబ్బులలో తిరిగిన తొలినాళ్ళలో పదిమంది వచ్చిన రాత్రులు, ఇరువదిమంది వచ్చిన రాత్రులు ఎన్నో. రానివారిని తలచుకొని వాయించినచో వచ్చినవారికి అన్యాయము జరుగును. వచ్చినవారికి తృప్తి కలిగించినచో మరుమారు వారు మరి నలుగురిని వెంటబెట్టుకొని వత్తురు. వేదికపై బ్రతుకదలచిన యువకులకు ఆయన చెప్పిన సలహా యిది.

2020 జూలై 6వ తేదీన, మెదడులో రక్తము చిట్లుటచేత, నాష్‌విల్ సమీపమున చార్లీ డేనియల్సు మరణించెను. ఆ యేడు మార్చి నుండి అంటువ్యాధి కారణముగా ఆప్రీ మందిరములోనికి శ్రోతలను రానిచ్చుట లేదు. నాలుగు వేలకు పైబడిన కుర్చీలు ఖాళీగా ఉండెను. శనివారపు ప్రసారము మాత్రము ఆపలేదు. ఆ వారమును ఖాళీ మందిరము నుండియే వాయించిరి. రాత్రి అయినందున స్టేషను దూరమునకు వినబడెను.